పలక కంటె ముందు కథ

ఏటా మొహర్రం మాసంలో నెల్లూరు స్వర్ణాల చెరువు వద్ద, బారాషహీద్ దర్గా చెంత జరిగే రొట్టెల పండుగను ఎరుగనివారు మన కళాశాలలో ఉండరు. కోరిక గలవారు చెరువు నీటిలో నిలిచి, అదే కోరిక నెరవేరిన వారి చేతినుండి రొట్టె అందుకొంటారు. తమ కోరిక ఫలించిన పిమ్మట మరుసటి ఏడు వారే రొట్టె తెచ్చి ఇంకొకరికి ఇస్తారు. వివాహం రొట్టె, సంతానం రొట్టె, ఉద్యోగం రొట్టె ఉన్నట్లే చదువు రొట్టె కూడ ఉన్నది. హిందువులని, ముస్లిములని భేదం లేక, తల్లులు బిడ్డలను చంకనెత్తుకొని ఆ రొట్టె కొరకు నీటిలో నిరీక్షించే దృశ్యం చూచినవారి మనస్సు కరగక మానదు.

మాకు మాత్రం ఆ దృశ్యం చూచినప్పుడెల్ల ఒక ప్రశ్న తోస్తుంది. రొట్టె తీసుకొన్న నాటికీ, తిరిగి ఇచ్చే నాటికీ నడుమ ఒక సంవత్సరం ఉన్నది. ఆ సంవత్సరంలో ఆ బిడ్డ ఇంటిలో చదువు పేరిట ఏమి జరిగింది?

మన ఇళ్లలో బిడ్డకు నాలుగేండ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండినప్పుడు బిస్మిల్లా చదివించే ఆచారం ఉన్నది. ఇరుగుపొరుగు హిందువుల ఇళ్లలో పళ్లెంలో బియ్యం పోసి, బిడ్డ వేలు పట్టి అక్షరాభ్యాసం చేయిస్తారు. రెండు వేడుకలూ మనోహరమైనవే. ఆ ఒక్కరోజు కొరకు నెలనాళ్ల ముందునుండి బట్టలు, మిఠాయిలు, బంధువుల పిలుపులు సాగుతాయి. కాని మరునాటి సంగతి ఎవరికీ పట్టదు. మరునాడు బిడ్డ మెడకు టై కట్టి, వీపుకు సంచి తగిలించి, బండి ఎక్కించి, చేతులు దులుపుకొంటాము.

బిడ్డ ఒకటవ తరగతిలో చేరకముందు ఒక సంవత్సరం పాటు ఇంటిలో కథే పాఠంగా, పుస్తకమే ఆటవస్తువుగా చదువు నడవాలి. ఆ సంవత్సరానికి కావలసిన సరంజామాను వేసవిలోనే సమకూర్చుకోవాలి. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ఇంతే. ఇది ధనవంతుల విలాసమని అనుకోవద్దని పాఠకులను ముందుగానే ప్రార్థిస్తున్నాము.

తెలుగునాట ఏడు చేపల కథ వినని బిడ్డ ఉండదు. రాజుగారి ఏడుగురు కొడుకులు ఏడు చేపలు తెచ్చి ఎండబెట్టగా ఒక చేప ఎండలేదు. చేపను అడిగితే గడ్డిమీద, గడ్డిని అడిగితే ఆవుమీద, ఆవు గొల్లవానిమీద, గొల్లవాడు అవ్వమీద, అవ్వ ఏడ్చే పిల్లవానిమీద, పిల్లవాడు చీమమీద తప్పు నెట్టివేస్తారు. చివరకు చీమ మాత్రమే తన పుట్టలో వేలు పెట్టిన సంగతి సూటిగా చెబుతుంది.

మన విద్యారంగం కథ కూడ ఇంతకంటె భిన్నంగా లేదు. డిగ్రీ తరగతిలో పద్దెనిమిదేండ్ల విద్యార్థి ఒక పుట తెలుగును తడబడకుండా చదవలేడు. కారణమేమని అడిగితే మేము జూనియర్ కళాశాలను చూపుతాము. వారు ఉన్నత పాఠశాలను, ఉన్నత పాఠశాలవారు ప్రాథమిక పాఠశాలను, ప్రాథమిక పాఠశాలవారు ఇంటిని చూపుతారు. ఇంటివారు పేదరికాన్ని చూపుతారు. "ఉర్దూ చదవడం రాదు సార్, తెలుగు సరిగా రాదు సార్, ఇంగ్లీషు అంటే భయం సార్" అని మా ముందు నిలిచే విద్యార్థిలో తెలివికి కొదవ లేదు. ఇంటిలో ఒక భాష, వీధిలో ఒక భాష, బడిలో ఒక భాష విని, ఏ ఒక్క భాషలోనూ కడుపునిండ కథలు వినకుండా ఎదిగినవాడతడు. చీమపుట్ట ఎక్కడ ఉన్నదో వెదకవలసి ఉన్నది.

ఆ వెదుకులాటలో మన చట్టాలు కొంతదూరమే తోడు వస్తాయి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుండి పదునాలుగేండ్ల వరకు గల బిడ్డలకు సంబంధించినది. ఆరేండ్ల లోపు బిడ్డల విషయంలో 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ ప్రభుత్వానికి ప్రయత్నించమని మాత్రమే చెప్పింది. 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం వలన అంగన్‌వాడీలు వెలసి, కోట్ల బిడ్డలకు తిండి, టీకా అందించాయి. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుండి ఎనిమిదేండ్ల వయస్సును పునాది దశగా గుర్తించి, ఆటపాటలతో, వీలైనంత వరకు ఇంటి భాషలో నేర్పవలెనని సూచించింది. ఇవన్నీ మేలే. కాని రాత్రి పక్కమీద బిడ్డ పక్కన పడుకొని కథ చెప్పే పని ఏ ప్రభుత్వమూ చేయలేదు.

పెద్దలు ఈ సంగతిని మనకంటె ముందే గ్రహించారు. గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం స్థాపించాడు. ఆయన రచన 'దివాస్వప్న'లోని ఉపాధ్యాయుడు అల్లరి తరగతిని కథతోనే వశపరచుకొంటాడు. 1939లో మద్రాసు అడయారుకు వచ్చిన మారియా మాంటిసోరి, యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండి, బిడ్డ చేతికి పని కల్పించడం ఎట్లో ఉపాధ్యాయులకు నేర్పింది. ఇంగ్లాండులో షార్లెట్ మేసన్ (1842-1923) ఆరేండ్లు వచ్చే వరకు బిడ్డకు పాఠాల నిర్బంధం కూడదని, ఆరుబయట తిరుగనివ్వవలెనని వాదించింది. మన గిడుగు రామమూర్తి పంతులు సవర బిడ్డల కొరకు తాను సవర భాష నేర్చి, ఆ భాషలో వాచకాలు సిద్ధం చేశాడు. బిడ్డ ఇంటి మాటను గౌరవించనిదే చదువు ఆ ఇంటి గడప దాటి లోనికి రాదన్న సత్యాన్ని వీరందరూ ఆచరణలో చూపినవారే.

ఇక మా అనుభవం. మా నివాసం కృష్ణపట్నం. ఒకవైపు సముద్రం, ఒకవైపు కండలేరు క్రీకు, మరొకవైపు బకింగ్‌హాం కాలువ. 2008లో కొత్త రేవు ఆరంభమైన నాటినుండి బొగ్గు ఓడలు, క్రేన్లు, గూడ్సు బండ్లు మా ఊరి ఆకాశరేఖనే మార్చివేశాయి. మా ఇంటిలో మాట్లాడేది ఉర్దూ, వీధిలో తెలుగు, పట్టపువారి వాడలో తమిళపు ఛాయలుగల మాట. మా చిన్నది నాలుగేండ్లకే ఈ మూడింటినీ గిన్నెలో కలుపుకొని తినేది.

దానికి బిస్మిల్లా జరిగిన వారంలోనే మేము ఇంటి చదువు ఆరంభించాము. అధ్యాపకులము కదా, కళాశాల అలవాటు కొద్దీ ఒక కాలపట్టిక గీచాము. తొమ్మిదింటికి ఉర్దూ, పదింటికి తెలుగు, పదకొండింటికి అంకెలు. గోడకు నల్లబల్ల తగిలించాము. మూడవనాడు తొమ్మిది కొట్టేసరికి మా విద్యార్థిని మంచం క్రింద దాగి ఉన్నది. రెండు నెలలు ఇట్లే వృథా అయినవి. మా శ్రీమతి ఒకనాడు నల్లబల్లను తీసి అటకమీద పెట్టి, "మీరు ముందుగా ఏర్పాటు చేయవలసింది గంటలు కాదండీ, కథలు" అన్నది. మా ఎం.ఏ. పట్టా నేర్పని సూత్రం అది.

అప్పటినుండి మేము అనుసరించిన పద్ధతిని ఇక్కడ వివరిస్తాము. తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు చేపలవేట నిషేధం. మా ఊరి పడవలు ఒడ్డున ఉంటాయి. తండ్రులు వలలు బాగుచేసుకొంటూ ఇంటిపట్టున ఉంటారు. రాబోయే కాలానికి వల అల్లుకొన్నట్లే, రాబోయే సంవత్సరానికి కథలు పోగుచేసుకోవడానికి ఇంతకంటె అనువైన సమయం లేదు. జూన్ మధ్యనుండి మరుసటి ఏప్రిల్ మధ్య వరకు దాదాపు 43 వారాలు. అందులో జ్వరాలకు, పెండ్లిండ్లకు, పండుగలకు, అక్టోబరు-డిసెంబరు తుపాను రోజులకు ఏడు వారాలు విడిచిపెట్టితే 36 వారాలు మిగులుతాయి. వారానికి ఒక కథ చొప్పున 36 కథలు. వాటిలో 18 పెద్దల నోటి కథలు, 12 కొన్న బొమ్మల పుస్తకాలు, 6 ఇంటిలో మనమే కుట్టిన పుస్తకాలు. రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కనుక ఆ నెల ఎక్కడ పడుతుందో చూచుకొని, ఉపవాసాల నాళ్లకు తేలికైన కథలు కేటాయించుకోవాలి.

మొదటి తొమ్మిది వారాలు ఇల్లు, వంట, అమ్మ, అవ్వ; రెండవ తొమ్మిది వారాలు వాన, చెట్టు, పక్షి; మూడవ తొమ్మిది వారాలు సముద్రం, పడవ, ఊరిలోని పనివారు; చివరి తొమ్మిది వారాలు దూరదేశాలు, అక్షరాలు. పక్షుల కథలు శీతకాలం దాకా సాగినా నష్టం లేదు. ఆ నెలల్లో నేలపట్టుకు గూడబాతులు, పులికాట్ సరస్సుకు రాజహంసలు వస్తాయి. పుస్తకంలో చూచిన పక్షిని నీటిలో చూచిన బిడ్డకు పుస్తకం మీద నమ్మకం కుదురుతుంది.

ఒక వారం ఎట్లు గడుస్తుందో చెప్పితే ఈ పద్ధతి తేటపడుతుంది. ఏడు చేపల వారమే తీసుకొందాము. మొదటిరోజు కథ చెప్పడం తప్ప మరేమీ లేదు. రెండవరోజు అదే కథ. ఎందుకని అడిగే వంతు బిడ్డది, జవాబు చెప్పే వంతు మనది. మూడవరోజు ఏడు గవ్వలు వరుసగా పేర్చి ఎండబెట్టడం, ఒకటి తీసి ఎన్ని మిగిలినవో చూడడం. నాలుగవరోజు మా చిన్నదాన్ని ఒడ్డుకు తీసుకొని వెళ్లాము. అక్కడ ఒక ముసలమ్మ ఇసుకమీద పరచిన చేపలను తిరగవేస్తున్నది. "ఏ చేప ఎండలేదవ్వా?" అని మా చిన్నది అడిగింది. ఆమె నవ్వి, పని ఆపి, కూర్చుండి, కథ మొత్తం చెప్పింది. కాని ఆమె కథలో గొల్లవానికి అన్నం పెట్టనిది అవ్వ కాదు, కోడలు. మా చిన్నది ఒప్పుకోలేదు. అవ్వే పెట్టలేదని వాదించింది. ఇద్దరూ చాలసేపు పోట్లాడుకొన్నారు. ఐదవరోజు బొమ్మలు గీచింది. కోడలు బొమ్మ కూడ గీచింది. ఆరవరోజు రాత్రి ఆ కథనే మాకు ఉర్దూలో చెప్పింది. ఒక కథ రెండు విధాలుగా ఉండవచ్చునని, ఒక భాషనుండి మరొక భాషలోనికి నడిచి రావచ్చునని మేము ఎం.ఏ. తరగతిలో నేర్చుకొన్నాము. అది నాలుగేండ్ల వయస్సులో చేపలు ఎండే ఇసుకమీద నేర్చుకొన్నది.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయని అడిగేవారికి సమాధానం ఉన్నది. నేషనల్ బుక్ ట్రస్టు, చిల్డ్రన్స్ బుక్ ట్రస్టు రెండూ 1957లో స్థాపితమైనవే. వాటి బాలసాహిత్యం ధరకు అందుబాటులో ఉంటుంది. సికిందరాబాదులోని మంచి పుస్తకం సంస్థ తెలుగులో చక్కని పిల్లల పుస్తకాలు వేస్తున్నది. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు, ఉర్దూ బొమ్మల కథలు ఉచితంగా లభిస్తాయి. ఫోనులో చూపడం కంటె కాగితంమీద అచ్చు తీసి కుట్టి ఇవ్వడం మేలని మా అభిప్రాయం. 1947 జూలైలో ఆరంభమైన చందమామ నేడు వెలువడకున్నను, పాత సంచికలు ఎవరి ఇంటి అటకమీదనైనా ఉండవచ్చును. అవి కొంచెం పెద్ద పిల్లలకు. ఉర్దూలో ఇస్మాయిల్ మేరఠీ (1844-1917) బాలల కొరకు వ్రాసిన కవితలు ఇప్పటికీ తాజాగా ఉన్నవి. మన రాష్ట్రపతిగా పనిచేసిన డాక్టర్ జాకిర్ హుసేన్ వ్రాసిన 'అబ్బూఖాన్ కీ బక్రీ' గొప్ప కథ. ఐతే స్వేచ్ఛ కొరకు రాత్రంతా తోడేలుతో పోరాడి తెల్లవారుజామున ప్రాణం విడిచే మేకపిల్ల కథను మేము తొందరపడి మూడవ వారంలోనే చెప్పి, బిడ్డను ఏడిపించాము. అట్టి కథలు సంవత్సరం చివరకు ఉంచడం మంచిది. ముందుగా ఏర్పాటు చేసుకోవడంలోని ప్రయోజనం ఇదే: ఏ కథ ఎప్పుడు చెప్పవలెనో ఆలోచించే తీరిక దొరుకుతుంది.

ఇంటిలో కుట్టే పుస్తకాల మాట. మా ఊరి క్రేనును గురించి, బొగ్గు ఓడను గురించి ఏ ప్రచురణకర్తా బాలల పుస్తకం వేయలేదు. కనుక మేమే ఎనిమిది పుటల 'ఓడ' పుస్తకం తయారు చేశాము. ఒక పుటలో నేటి ఓడ, ఎదుటి పుటలో ఒకప్పుడు బకింగ్‌హాం కాలువలో ఉప్పు, కట్టెలు నింపుకొని మద్రాసు వైపు పోయిన పడవ. ఆ పడవ బొమ్మకు వివరాలు చెప్పినది పొరుగింటి తాతగారు. ఆయన మాటలను వ్రాసుకొంటూ ఉంటే మాకు దాదీమా గుర్తుకు వచ్చింది. ఆమెకు అక్షరం రాదు. కాని రాత్రిళ్లు మా పిల్లలందరినీ చుట్టూ కూర్చుండబెట్టుకొని ఉర్దూలో, తెలుగులో కథలు చెప్పేది. బియ్యపుగింజ తెచ్చిన ఆడ పిచ్చుక, పప్పుగింజ తెచ్చిన మగ పిచ్చుక కలిసి కిచిడీ వండుకొన్న కథ ఆమె నోట విన్నదే. ఆమె పరమపదించి మూడేండ్లయినది. వందల కథలలో మాకు జ్ఞాపకమున్నవి ఆరు మాత్రమే. విశ్వవిద్యాలయంలో మహాకావ్యాల శ్లేషలను కంఠస్థం చేసిన మేము, ఇంటిలోని గ్రంథాలయం మూతపడుతుంటే ఒక నోటుపుస్తకం కూడ తెరవలేదు. ఈ తప్పు మా విద్యార్థులు చేయకూడదనియే ఈ వ్యాసం.

కొన్ని ఆక్షేపణలకు సమాధానం చెప్పవలసి ఉన్నది. తల్లికి చదువు రాదంటారు. నోటి కథకు అక్షరం అక్కరలేదు; బొమ్మల పుస్తకానికి చూపు చాలును. తీరిక లేదంటారు. మేము కోరుతున్నది రాత్రి భోజనానంతరం అరగంట. డబ్బు లేదంటారు. పన్నెండు పుస్తకాలకయ్యే ఖర్చు బిస్మిల్లా వేడుకలో మిఠాయిల ఖర్చును మించదు. అంగన్‌వాడీ మాన్పించాలా అంటారు. ఎంతమాత్రం వద్దు. అక్కడి గ్రుడ్డు, పాలు, తోటిపిల్లల స్నేహం ఏ పుస్తకమూ ఇవ్వలేదు. పగలు అంగన్‌వాడీ, రాత్రి కథ. మసీదులో జరిగే ధార్మిక విద్యకు అడ్డు వస్తుందా అంటారు. మాటను శ్రద్ధగా వినడం నేర్చిన చెవి ఏ విద్యకైనా మేలే చేస్తుంది. ఇంగ్లీషులో వెనుకబడి కాన్వెంటులో సీటు రాదేమో అన్న భయం అన్నిటికంటె పెద్దది. ప్రవేశం వేళ బిడ్డను గాని, తల్లిదండ్రులను గాని పరీక్షించడాన్ని 2009 చట్టమే నిషేధించినది. పైగా, తన భాషలో నూరు ప్రశ్నలు అడుగగలిగిన బిడ్డ మరొక భాషలో పది జవాబులు నేర్వడం కష్టమేమీ కాదు.

విద్యార్థినీ విద్యార్థులారా! మీలో పలువురు మీ ఇంటినుండి కళాశాలలో అడుగుపెట్టిన మొదటివారు. మీ ఇంటిలో నాలుగేండ్ల తమ్ముడో, చెల్లెలో, అక్క బిడ్డయో ఉండనే ఉంటారు. మీ అమ్మీ చదవలేని పుస్తకాన్ని మీరు చదివి వినిపించవచ్చును. ఈ వేసవి సెలవుల్లో ఒక్కొక్కరు ఒక్క నోటుపుస్తకం తెరవండి. నానీయో, అవ్వయో చెప్పిన కథను వారి మాటల్లోనే, ఉర్దూ ఐతే ఉర్దూలో, తెలుగు ఐతే తెలుగులో వ్రాయండి. దిద్దవద్దు. సెలవుల పిమ్మట వాటిని మాకు చూపండి. మంచివాటిని రాబోయే సంచికలో అచ్చు వేయడానికి సంపాదకవర్గాన్ని మేమే అభ్యర్థిస్తాము.

కళాశాల పాలకసంఘం పెద్దలకు మా విన్నపం ఒక్కటే. మన గ్రంథాలయంలో ఒక బీరువాను పసిపిల్లలకు కేటాయించండి. రెండు అరలు ఉర్దూ, రెండు అరలు తెలుగు. విద్యార్థి తన కార్డుమీద ఇంటిలోని బిడ్డ కొరకు వారానికొక పుస్తకం తీసుకొని వెళ్లే వెసులుబాటు కల్పించండి. పుస్తకాలు చిరుగుతాయని భయపడవద్దు. చిరిగిన పుస్తకం చదివిన పుస్తకమే. జాతీయ సేవా పథకం వార్షిక శిబిరంలో రోడ్డు ఊడ్చే పనితోబాటు, ఆ గ్రామపు అంగన్‌వాడీలో రోజుకొక కథ చెప్పే పనిని కూడ చేర్చండి. ఇందుకు కొత్త భవనం అక్కరలేదు, కొత్త ఉద్యోగి అక్కరలేదు.

వచ్చే మొహర్రంలో కూడ స్వర్ణాల చెరువు నీటిలో చదువు రొట్టె కొరకు చేతులు చాచే తల్లులు ఉంటారు. వారికి రొట్టెతోబాటు ఒక బొమ్మల పుస్తకాన్ని కూడ అందించగలిగితే, మరుసటి ఏడు ఆ తల్లి ఇచ్చే రొట్టె కొంత భిన్నంగా ఉంటుందని మా నమ్మకం. ఆమె పక్కనే నిలిచిన బిడ్డ, తాను విన్న కథను మనకే తిరిగి చెబుతుంది.